వేగాస్‌కి జనం ఎందుకు తగ్గారు? జూదంలో పోయింది కాదు, బిల్లులో పోయిందే బాధ

డాలస్‌లో ఉండే మా ఖాలా కొడుకు 2024 డిసెంబర్ సెలవుల్లో భార్యని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని లాస్ వేగాస్ వెళ్లాడు. క్యాసినో ఆడటానికి కాదు. అమెరికాలో ఉండే మన తెలుగువాళ్లు చాలామంది చేసేదే: రెండు రోజులు వేగాస్‌లో ఉండి లైట్లు చూడటం, అక్కణ్ణుంచి హూవర్ డ్యామ్, ఆ తర్వాత గ్రాండ్ కాన్యన్. ఆన్‌లైన్‌లో రూమ్ రోజుకి 79 డాలర్లు అని కనిపించింది. ఇంత పెద్ద హోటల్ ఇంత చవకా అని ఖుషీ అయ్యాడు. తిరిగొచ్చాక నాకు ఫోన్ చేసి, "అరే, నువ్వు బీకామ్ చదివినవు కదా, ఈ హిసాబ్ ఏందో జర చెప్పు" అని బిల్లు ఫొటో పంపాడు.

నేను లెక్క వేశాను. రెండు రాత్రులకి రూమ్ 158 డాలర్లు. దాని కింద 'రిసార్ట్ ఫీజు' అని రోజుకి 50 చొప్పున 100 డాలర్లు. ఈ రెండూ కలిపిన మొత్తం మీద 13.38 శాతం రూమ్ టాక్స్, అంటే దాదాపు 34 డాలర్ల 50 సెంట్లు. కారు పార్కింగ్ రోజుకి 20 చొప్పున 40. మొత్తం 332 డాలర్లు దాటింది. 158 అనుకుని వెళ్లిన మనిషికి డబుల్ కంటే ఎక్కువే పడింది. ఇందులో తిండి లేదు, షో టికెట్ లేదు. జూదం అసలే లేదు.

"ఆ రిసార్ట్ ఫీజు దేనికి భాయ్?" అని అడిగితే, "వైఫై, జిమ్, లోకల్ ఫోన్ కాల్స్ అని రాసిండ్రు. జిమ్ ఎక్కడుందో కూడా నేను చూడలే" అన్నాడు.

ఈ కోపం ఆయన ఒక్కడిది కాదు. 2025లో వేగాస్ గురించి ప్రపంచమంతా వినిపించిన మాట ఇదే. లెక్కలు కూడా అదే చెబుతున్నాయి. అక్కడి టూరిజం సంస్థ, అంటే లాస్ వేగాస్ కన్వెన్షన్ అండ్ విజిటర్స్ అథారిటీ ప్రకారం, 2024లో ఆ ఊరికి 4.17 కోట్ల మంది వచ్చారు. 2025లో 3.85 కోట్లే. ఏడున్నర శాతం తగ్గుదల. 2025 జూన్‌లో అయితే ముందటి ఏడాది జూన్ కంటే 11.3 శాతం, జూలైలో 12 శాతం తక్కువ మంది వచ్చారు. కరోనా కాలాన్ని పక్కన పెడితే ఇంత పడిపోవడం ఆ ఊరికి అలవాటు లేదు.

మరి కారణం ఏంటి? ధరలు పెరిగాయి అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ ధరలు ఎక్కడ పెరగలేదు? న్యూయార్క్ ఇంకా ఖరీదైన ఊరు, ఎవరూ అంతగా తిట్టుకోవట్లేదు. నాకు అర్థమైనంత వరకు వేగాస్‌లో మారింది ధర మాత్రమే కాదు, ఆ ఊరికీ వచ్చేవాళ్లకీ మధ్య ఉన్న పాత ఒప్పందం. దాన్ని అర్థం చేసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పాత ఒప్పందం

నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. ఎడారి మధ్యలో ఉన్న ఊరు. 1941లో ఎల్ రాంచో వేగాస్ అనే హోటల్, 1946 డిసెంబర్‌లో ఫ్లెమింగో తెరిచారు. ఇవాళ 'స్ట్రిప్' అని పిలిచే రోడ్డు అలా మొదలైంది. (చిన్న విషయం: ఈ స్ట్రిప్‌లో ఎక్కువ భాగం అసలు లాస్ వేగాస్ నగర పరిధిలోనే లేదు. పారడైజ్ అనే ప్రాంతంలో, క్లార్క్ కౌంటీ కింద ఉంది. అందరూ వేగాస్ అనే అంటారు.)

అప్పటి వ్యాపార సూత్రం చాలా సింపుల్. మనిషి టేబుల్ దగ్గర కూర్చుంటే చాలు, లాభం అక్కడే వచ్చేస్తుంది. కాబట్టి మిగతావన్నీ చవకగా ఇవ్వాలి. రూమ్ చవక, తిండి చవక, పార్కింగ్ ఉచితం, ఆడేవాడికి డ్రింక్ ఉచితం, బాగా ఆడేవాడికి రూమ్ కూడా ఉచితం. ఎల్ రాంచోలో 1940లలో మొదలైన బఫేలో ఒక డాలర్ ఇస్తే కడుపు నిండా తినొచ్చు. డౌన్‌టౌన్‌లోని గోల్డెన్ గేట్‌లో 1959 నుంచి రొయ్యల కాక్‌టెయిల్ 50 సెంట్లకే పెట్టేవాళ్లు. అది అమ్మి లాభం చూసుకోవాలని ఎవరికీ లేదు. జనాన్ని తలుపు లోపలికి తేవడానికి అదొక దారి.

కామర్స్‌లో దీన్ని 'లాస్ లీడర్' అంటారు. మన దగ్గర సూపర్ మార్కెట్‌వాళ్లు చక్కెర నష్టానికి అమ్మి, మిగతా సామాన్ల మీద రాబట్టుకోవడం లాంటిదే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. జూదం హరామ్ అన్నది మన పాఠకులకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మనవాళ్లలో వేగాస్ వెళ్లొచ్చినవాళ్లు "మేం ఆడలేదు, తిని తిరిగొచ్చాం అంతే" అంటారు, నిజమే. కానీ ఆ పాత రోజుల్లో ఆడనివాడి చవక భోజనానికి, చవక రూమ్‌కి డబ్బు కట్టింది ఎవరు? పక్క టేబుల్ దగ్గర ఓడిపోతున్నవాడు. మా ఖాలా కొడుకుకి ఈ మాట చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు. "అంటే ఇప్పుడు నా ఖర్చు నేనే పెట్టుకుంటున్న, అది మంచిదే గదా" అన్నాడు. మంచిదే. కానీ ఆయన ఖర్చు మాత్రమే పెట్టుకుని బయటపడలేదు, అదే గొడవ.

టేబుల్ నుంచి రూమ్‌కి మారిన లాభం

1989లో స్టీవ్ విన్ మిరాజ్ హోటల్ తెరిచాడు. దాని ముందు రోడ్డు మీద నిలబడి చూసేలా ఒక కృత్రిమ అగ్నిపర్వతం పెట్టాడు, అదీ ఉచితంగా. 1998లో బెలాజియో ఫౌంటెన్లు వచ్చాయి. పెద్ద రెస్టారెంట్లు, పెద్ద షోలు, షాపింగ్. జూదం ఆడనివాళ్లు కూడా రావడం మొదలైంది. ఒకప్పుడు స్ట్రిప్ హోటళ్ల ఆదాయంలో సగానికి పైగా జూదం నుంచే వచ్చేది. ఇప్పుడు మూడో వంతు కన్నా తక్కువ. మిగతాదంతా రూములు, తిండి, డ్రింక్స్, టికెట్లు, ఫీజులు.

అంటే ఒకప్పుడు ఎర వేసిన వస్తువులే ఇప్పుడు సరుకు అయ్యాయి. రూమ్ విభాగం తన లాభం తాను చూపించాలి, బఫే తన లాభం తాను చూపించాలి, పార్కింగ్ కూడా. అకౌంట్స్ చదివినవాళ్లకి ఇది తెలిసిన భాషే: ప్రతి డిపార్ట్‌మెంటూ ఒక ప్రాఫిట్ సెంటర్. నష్టానికి నడిచే బఫేకి ఆ పుస్తకంలో చోటు లేదు. కరోనాలో మూసిన బఫేలు చాలావరకు మళ్లీ తెరవలేదు. మిగిలిన పెద్దవాటిలో ఒకటి సీజర్స్ ప్యాలెస్‌లోని బకనాల్, అక్కడ ఒక మనిషికి 80 డాలర్ల చుట్టుపక్కల అవుతుంది. మిరాజ్ 2024 జూలై 17న మూతపడింది. ఆ ఉచిత అగ్నిపర్వతం కూడా దాంతోనే పోయింది.

రిసార్ట్ ఫీజు కథ వేరే. 2008 ఆర్థిక సంక్షోభం వేగాస్‌ని గట్టిగా దెబ్బ కొట్టింది. 2008లో సగటున 119 డాలర్లున్న రూమ్ రేటు 2009లో 93కి పడింది. సరిగ్గా ఆ తర్వాతి ఏళ్లలోనే ఈ ఫీజు స్ట్రిప్ అంతా పాకింది. లాజిక్ ఏంటంటే, ట్రావెల్ వెబ్‌సైట్లలో జనం తక్కువ రేటు ఉన్న హోటల్‌నే నొక్కుతారు. రేటు పెంచితే కింద పడిపోతాం. అందుకే రేటు అలాగే ఉంచి, ఇంకో పేరుతో వేరే గీత కింద వసూలు చేద్దాం. పైగా బుకింగ్ సైట్లకి ఇచ్చే కమీషన్ రూమ్ రేటు మీద ఉంటుంది గానీ, ఫీజు మీద మామూలుగా ఉండేది కాదు. సీజర్స్ కంపెనీ మొదట్లో తమ దగ్గర ఈ ఫీజు లేదని గొప్పగా ప్రచారం చేసుకుంది. 2013లో వాళ్లూ మొదలుపెట్టారు. చూసేవాడు తక్కువ రేటునే చూస్తున్నప్పుడు నిజాయితీగా రేటు చెప్పేవాడికి నష్టం, మార్కెట్ అలా తయారైంది.

2016లో ఎమ్‌జీఎమ్ తన స్ట్రిప్ హోటళ్లలో పార్కింగ్‌కి డబ్బులు వసూలు చేయడం మొదలెట్టింది. కాలిఫోర్నియా నుంచి నాలుగైదు గంటలు కారు నడుపుకుంటూ వచ్చేవాళ్లకి అదొక షాక్. ఉచిత పార్కింగ్ అంటే ఆ ఊరి మర్యాద లాంటిది. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే అదే దారిలో నడిచారు.

పోనీ టేబుల్ దగ్గరైనా పాత లెక్క ఉందా? లేదు. నేను పత్తాలు ఆడను, లెక్క మాత్రం వేయగలను. బ్లాక్‌జాక్ ఆటలో మొదటి రెండు కార్డులకే 21 వస్తే పాత పద్ధతిలో 2కి 3 ఇచ్చేవాళ్లు, అంటే 10 డాలర్లు పెడితే 15 గెలుపు. ఇప్పుడు స్ట్రిప్‌లో చాలా టేబుళ్ల మీద 5కి 6 అని రాసి ఉంటుంది. 10 పెడితే 12. చూడ్డానికి 6, 5 పెద్ద అంకెలు కాబట్టి ఎక్కువ ఇస్తున్నట్టు అనిపిస్తుంది! ఆ చేయి సుమారు 21 ఆటలకి ఒకసారి పడుతుంది. గంటకి మూడుసార్లు పడిందనుకున్నా, కనీస పందెం 25 డాలర్లున్న టేబుల్‌లో ఆడేవాడికి గంటకి 22 డాలర్లకి పైగా తక్కువ వస్తుంది.

రూలెట్ చక్రం కూడా అంతే. యూరప్ చక్రంలో ఒక సున్నా ఉంటుంది, అమెరికాలో రెండు. 2016లో స్ట్రిప్ మీద మూడు సున్నాల చక్రం వచ్చింది. గెలిచిన అంకెకి ఇచ్చేది మాత్రం ఎప్పటిలాగే 35 రెట్లే. వెయ్యి డాలర్లు పందెం కాస్తే సగటున క్యాసినోకి మిగిలేది ఒక సున్నాతో 27, రెండింటితో 53, మూడింటితో 77 డాలర్లు. ఆడేవాళ్లు మూర్ఖులు కాదు. లెక్క తెలియకపోయినా, జేబు ఎంత తొందరగా ఖాళీ అవుతోందో తెలుస్తుంది. గతంలో 200 డాలర్లతో సాయంత్రమంతా కూర్చున్నవాడు ఇప్పుడు గంటలో లేచి వెళ్తున్నాడు. జూదం తగ్గితే మనకి సంతోషమే. కానీ ఇక్కడ తగ్గింది జూదం కాదు, జూదగాడికి పాత రోజుల్లో దొరికిన టైమ్.

కిరాయికి ఉన్న రాజభవనాలు

ఇప్పుడు ఎక్కువమంది పట్టించుకోని విషయానికి వస్తాను. నా దృష్టిలో అసలు మెలిక ఇక్కడే ఉంది.

వేగాస్ స్ట్రిప్ మీద మీరు చూసే పెద్ద హోటళ్లలో చాలావరకు నడిపే కంపెనీ వేరు, జాగా-బిల్డింగ్ యజమాని వేరు. సీజర్స్ కంపెనీ దివాలా నుంచి బయటపడినప్పుడు, 2017లో దాని ఆస్తులతో విచి ప్రాపర్టీస్ అనే కంపెనీ పుట్టింది. దాని పని ఒక్కటే: బిల్డింగులు సొంతం చేసుకుని కిరాయి తీసుకోవడం. సీజర్స్ ప్యాలెస్, ఎమ్‌జీఎమ్ గ్రాండ్, మాండలే బే, వెనీషియన్, వీటన్నింటి ఆస్తి ఇప్పుడు విచిదే. 2019లో ఎమ్‌జీఎమ్ తన ముద్దుబిడ్డ లాంటి బెలాజియోని 425 కోట్ల డాలర్లకి బ్లాక్‌స్టోన్ అనే పెట్టుబడి సంస్థకి అమ్మి, అదే బిల్డింగ్‌ని మళ్లీ కిరాయికి తీసుకుంది. మొదటి ఏడాది కిరాయి 24.5 కోట్ల డాలర్లు. తర్వాత ఏటా కొంత పెరుగుతుంది.

దీన్ని రోజుకి లెక్కేస్తే దాదాపు 6 లక్షల 70 వేల డాలర్లు. బెలాజియోలో 3,933 రూములున్నాయి. ఒక్కో రూమ్ మీద వేస్తే రోజుకి 170 డాలర్లు, నిండినా నిండకపోయినా. ఈ కిరాయి మొత్తం రూముల నుంచే రావాలని లేదు. క్యాసినో ఉంది, రెస్టారెంట్లు, షాపులు ఉన్నాయి. అయినా పొద్దున లేవగానే మేనేజర్ నెత్తి మీద ఎంత బరువు ఉంటుందో ఈ అంకె చెబుతుంది.

ఇల్లు అమ్మి అదే ఇంట్లో కిరాయికి ఉన్నట్టు. చేతికి ఒకేసారి పెద్ద మొత్తం వచ్చింది. అది షేర్‌హోల్డర్లకి, అప్పులకి, కొత్త వ్యాపారాలకి పోయింది. నెలనెలా కిరాయి మాత్రం మిగిలింది. పైగా ఈ ఒప్పందాల్లో ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్, రిపేర్లు కూడా కిరాయిదారే కట్టాలి. ఇల్లు సొంతమైనప్పుడు గిరాకీ తక్కువున్న నెలలో రేటు తగ్గించి "రండి" అని పిలవొచ్చు. కిరాయి కట్టాల్సినవాడికి ఆ వెసులుబాటు తక్కువ. అతను 12 డాలర్ల కాఫీ గురించి ఆలోచిస్తాడు.

12 డాలర్ల కాఫీ అనేది నా కల్పన కాదు. 2025 వేసవిలో వేగాస్ గురించి జనం సోషల్ మీడియాలో పెట్టిన బిల్లుల్లో రెండు బాగా తిరిగాయి: మినీబార్‌లోని నీళ్ల బాటిల్‌కి 26 డాలర్లు, ఒక సాదా హోటల్‌లో కాఫీకి 12 డాలర్లు. ఎమ్‌జీఎమ్ అధినేత బిల్ హార్న్‌బకిల్ ఆ అక్టోబర్‌లో ఇన్వెస్టర్లతో మాట్లాడుతూ ఈ రెండింటినీ ప్రస్తావించాడు. తప్పు తమదేనని, ఇంకా జాగ్రత్తగా ఉండాల్సిందని ఒప్పుకున్నాడు. పెద్ద కంపెనీ అధినేత ఒక కప్పు కాఫీ గురించి సంజాయిషీ చెప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఇంకో కారణం పోటీ లేకపోవడం. స్ట్రిప్ మీది పెద్ద హోటళ్లలో ఎక్కువ భాగం రెండు కంపెనీల చేతిలోనే ఉన్నాయి, ఎమ్‌జీఎమ్, సీజర్స్. రోడ్డు మీద పది పేర్లు, పది రంగుల లైట్లు కనిపిస్తాయి. ఈ హోటల్‌లో నచ్చక పక్క హోటల్‌కి వెళ్తే అదీ వాళ్లదే అవ్వొచ్చు.

తప్పంతా హోటళ్లదేనా?

కాదు. 2025లో పడిపోవడానికి బయటి కారణాలు కూడా గట్టిగానే ఉన్నాయి. వేగాస్‌కి విదేశాల నుంచి వచ్చేవాళ్లలో మొదటి స్థానం కెనడాది, ఏటా పది లక్షలకు పైగా. ట్రంప్ ప్రభుత్వం కెనడా సరుకుల మీద సుంకాలు వేయడం, ఆ దేశాన్ని 51వ రాష్ట్రం చేస్తామని అనడం కెనడావాళ్లకి అవమానంగా అనిపించింది. చాలామంది అమెరికా ట్రిప్పులే మానుకున్నారు. కెనడా విమానాల్లో వేగాస్‌కి వచ్చే ప్రయాణికులు బాగా తగ్గారు. వేగాస్ హోటల్ కార్మికుల యూనియన్ నాయకుడు టెడ్ పాపజార్జ్ అయితే ఈ పతనానికి ట్రంప్ పేరే పెట్టాడు.

కాలిఫోర్నియాలో 2000లో ఓటర్లు ఆమోదించాక ఆదివాసీ తెగల క్యాసినోలు పెద్దవయ్యాయి. లాస్ ఏంజెలెస్ మనిషికి ఇప్పుడు జూదం కోసం ఎడారి దాటాల్సిన పని లేదు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత క్రికెట్ బెట్టింగ్ లాంటి స్పోర్ట్స్ పందాలు చాలా రాష్ట్రాల్లో ఫోన్‌లోనే నడుస్తున్నాయి. ఒకప్పుడు వేగాస్‌కే సొంతమైన సరుకు ఇప్పుడు అందరి జేబులో ఉంది. (ఫోన్‌లో జూదం ఎన్ని ఇళ్లు కూల్చిందో తెలంగాణ, ఆంధ్రలో మనం చూశాం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చి నిషేధించాయి. అది వేరే కథనం.)

సరుకు సొంతం కానప్పుడు అనుభవంతోనే జనాన్ని రప్పించాలి. వేగాస్ ఆ ప్రయత్నం చేసింది కూడా. 230 కోట్ల డాలర్లతో కట్టిన 'స్ఫియర్' 2023 సెప్టెంబర్‌లో తెరిచారు. ఆ నవంబర్‌లో ఫార్ములా వన్ రేసు, 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్. ఇవన్నీ డబ్బున్నవాళ్ల కోసం. 2024లో ఊరికి వచ్చినవాళ్ల సంఖ్య ఎక్కువే, కానీ 2019లో వచ్చిన 4.25 కోట్లని అందుకోలేదు. ఊరు ఖరీదైన గిరాకీని చూసుకుంటూ, ఏడాదికి రెండుసార్లు వచ్చే మామూలు ట్రక్ డ్రైవర్‌ని, స్కూల్ టీచర్‌ని మరిచిపోయింది. డబ్బున్నవాడు ఏడాదికి ఒక్కసారి రేసుకి వస్తాడు. మంగళవారం రాత్రి రూములు నింపేది ఆ మామూలు మనిషే.

అందుకే ఒక విచిత్రం. జనం తగ్గినంతగా క్యాసినోల జూదం ఆదాయం పడిపోలేదు. పెద్ద పందాలు కాసేవాళ్లు కొద్దిమంది ఉంటే చాలు, ఆ అంకె నిలబడుతుంది. కంపెనీ రిపోర్టు చదివితే అంతా సవ్యంగానే ఉన్నట్టు అనిపించొచ్చు.

కానీ ఊళ్లో పని చేసేవాడి బతుకు ఆ అంకె మీద నడవదు, మనుషుల సంఖ్య మీద నడుస్తుంది. కలినరీ యూనియన్‌లో సుమారు 60 వేల మంది ఉన్నారు: రూములు శుభ్రం చేసేవాళ్లు, వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, సామాను మోసేవాళ్లు. చాలామంది వలస వచ్చినవాళ్లు. 2023 నవంబర్‌లో సమ్మె దాకా వెళ్లి, పెద్ద కంపెనీలతో ఐదేళ్ల మంచి ఒప్పందం సాధించుకున్నారు. గంట రేటు పెరిగింది. కానీ గంటలే దొరక్కపోతే? ఒక్క కోటీశ్వరుడు బాకరా టేబుల్ మీద పది లక్షలు ఓడిపోతే క్యాసినోకి మంచి రాత్రి. అతని వల్ల శుభ్రం చేయాల్సిన రూమ్ ఒక్కటే, ట్యాక్సీ ఒక్కటే, వడ్డించాల్సిన ప్లేటు ఒక్కటే. 2025 జూన్‌లో హోటల్ రూముల్లో 78.7 శాతమే నిండాయి. ఖాళీ రూమ్‌కి బక్షీస్ ఉండదు. ఆ ఊళ్లో జామియా మస్జిద్, మస్జిద్ ఇబ్రహీం లాంటి మస్జిద్‌లు ఉన్నాయి. జుమాకి వచ్చేవాళ్లలో ట్యాక్సీ, హోటల్ పనుల మీద బతికేవాళ్లూ ఉంటారు. క్యాసినో మీద మన అభిప్రాయం ఏదైనా, ఆ ఊరు పడిపోతే ముందు దెబ్బ తగిలేది జూదగాడికి కాదు.

ఇప్పుడు ఏం మారింది

ఒక మార్పు చట్టం వల్ల వచ్చింది. 2025 మే 12 నుంచి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం అమల్లో ఉంది. హోటళ్లు, షో టికెట్లు అమ్మేవాళ్లు తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరనే ముందు చూపించాలి. అంటే మా ఖాలా కొడుకు అదే రూమ్‌ని ఇప్పుడు వెతికితే 79 కాదు, 129 కనిపిస్తుంది. ఫీజు రద్దు కాలేదు, దాక్కోవడం మాత్రం ఆగింది. టాక్స్ విడిగా ఉండొచ్చు. పార్కింగ్ తప్పనిసరి కాదు కాబట్టి అది కలవదు, ఆ లెక్క మీరే వేసుకోవాలి.

ఇస్లామీ వ్యాపార నియమాల్లో 'గరర్' అని ఒక మాట ఉంది. కొనేవాడికి ఏం కొంటున్నాడో, ఎంతకి కొంటున్నాడో స్పష్టంగా తెలియకుండా బేరం చేయడం. జూదంతో పాటు దీన్నీ వద్దన్నారు. చిన్నప్పుడు మదర్సాలో విన్నప్పుడు ఈ రెండూ ఎందుకు పక్కపక్కన చెబుతారో నాకు అర్థం కాలేదు. వేగాస్ బిల్లు చూశాక అర్థమైంది. టేబుల్ దగ్గర ఓడిపోయినవాడు "నా నసీబ్" అని లేచి వెళ్లిపోతాడు, ఎందుకంటే పోతుందని తెలిసే కూర్చున్నాడు. రూమ్ బిల్లులో పోయినవాడు అలా అనుకోడు, "మోసం చేశారు" అంటాడు. ఒక్కసారి ఆ మాట నోటికొచ్చినవాడు మళ్లీ రావడం కష్టం, పదిమందికి చెప్పడం ఖాయం.

రెండో మార్పు గిరాకీ తగ్గడం వల్ల వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో ఊరంతా కలిసి ఐదు రోజుల సేల్ పెట్టింది, టూరిజం సంస్థే ముందుండి నడిపింది. కొన్ని హోటళ్లు పార్కింగ్ మళ్లీ ఉచితం చేశాయి, కొన్ని ఫీజులన్నీ కలిపి ఒకే రేటు ఇచ్చాయి. స్ట్రిప్ నుంచి దూరంగా, ఊళ్లోవాళ్ల కోసం నడిచే క్యాసినో హోటళ్లకి మాత్రం ఇంత ఇబ్బంది రాలేదు. పార్కింగ్ ఉచితం, తిండి ఓ మాదిరి ధర. అంటే పాత ఒప్పందం ఇంకా కొంచెం బతికి ఉన్నది అక్కడే.

ఇండియా నుంచి వెళ్లాలనుకునే మనవాళ్లకి ఇంకో లెక్క కూడా ఉంది. విజిటర్ వీసా ఫీజు 185 డాలర్లు. దానికి తోడు 2025 జూలైలో ట్రంప్ సంతకం చేసిన చట్టంలో 250 డాలర్ల 'వీసా ఇంటెగ్రిటీ ఫీజు' పెట్టారు. అప్లై చేసే ముందు అది వసూలు చేస్తున్నారో లేదో చూసుకోండి. నలుగురున్న కుటుంబానికి అదొక్కటే వెయ్యి డాలర్లు.

మా ఖాలా కొడుకు ఈ వేసవిలో అమ్మీ-అబ్బాని డాలస్‌కి పిలిపిస్తున్నాడు. వాళ్లకి గ్రాండ్ కాన్యన్ చూపించాలని. "వేగాస్‌లో ఆగుతవా భాయ్?" అని అడిగాను. ఊరి బయట హెండర్సన్‌లో ఓ చిన్న హోటల్ బుక్ చేశాడట, పార్కింగ్ ఉచితం, పొద్దున నాష్తా ఉచితం. మగ్రిబ్ అయ్యాక స్ట్రిప్‌కి వెళ్లి ఫుట్‌పాత్ మీద నిలబడి బెలాజియో ఫౌంటెన్ చూపించి, గంటలో వెనక్కి వచ్చేస్తారట. అమ్మీకి నీళ్ల బాటిల్ మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్తా అన్నాడు.